అక్షరము మారిన: జన్యువులలోని మార్పులు, వాని ఫలితములు

సంతానమునకు తలిదండ్రుల పోలికలు వచ్చుట లోకవిదితము. ఆ పోలికలను మోసికొని వచ్చునది జీవకణములలోని డి.ఎన్.ఏ. అను పదార్థము. అది నాలుగే అక్షరములు గల లిపిలో వ్రాసిన గ్రంథము వంటిది. మూడేసి అక్షరములు ఒక మాట. ఒక్కొక్క మాట ఒక్కొక్క ఆమినో ఆమ్లమును సూచించును. ఆ ఆమ్లములు వరుసగా కూడి ప్రోటీనులగును. కణము విభాగమొందునపుడెల్ల ఈ గ్రంథమునకు ప్రతి తయారగును. అందు నిలిచిపోయిన వ్రాతమార్పునే ఉత్పరివర్తన మందురు. ఎక్స్‌-కిరణములవలన ఇట్టి మార్పులు కలుగునని 1927లో ముల్లరు నిరూపించెను.

వ్యాకరణము చదివిన మన పిల్లలకు ఆదేశము, ఆగమము, లోపము అను మాటలు క్రొత్తవి కావు. ఇచటను అవియే. "కమల పలక కడిగె" అను వాక్యమును గైకొందము. "ప"కు "చి" ఆదేశమైనచో "కమల చిలక కడిగె" నగును; ఒక్క మాటయే మారినది. "మ" లోపించి, మూడేసి అక్షరములుగానే చదివినచో "కలప లకక డిగె" యగును. అచటినుండి తుదివరకు అర్థము చెడినది. ఒక అక్షరము ఆగమమైనను ఇట్లే జరుగును. కావున సాధారణముగా ఆదేశముకంటె లోపాగమములే ఎక్కువ హానికరములు. నడుమనే వాక్యాంతపు గుర్తు పడినచో ప్రోటీను అసంపూర్ణముగా నిలిచిపోవును. చిలుక యన్నను చిలక యన్నను పక్షి యొకటే యైనట్లు, కొన్ని మార్పులవలన ఏ భేదమును కలుగదు. ఒకానొకప్పుడు పుటలకు పుటలే మారును: 21వ క్రోమోజోము రెండింటికి మారు మూడుండుటయే డౌన్ లక్షణమునకు కారణమని 1959లో తెలిసినది.

ఒక్క అక్షరమే యైనను అల్పమని తలపరాదు. రక్తమునకు ఎఱుపునిచ్చు హిమోగ్లోబినులోని బీటా గొలుసున 146 ఆమ్లములు గలవు. వానిలో ఆఱవదగు గ్లుటామిక్ ఆమ్లమునకు మారుగా వాలీను చేరుటయే కొడవలికణ వ్యాధికి మూలమని ఇంగ్రాము 1950ల నడుమ కనుగొనెను. అపుడు రక్తకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొనును. తీవ్రమైన నొప్పులు, రక్తహీనత కలుగును. పశ్చిమ ఒడిశాలోను, విదర్భలోను, నీలగిరి గిరిజనులలోను ఇది హెచ్చు.

తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి చొప్పున ప్రతివారికి ఈ జన్యువులు రెండుండును. ఒకటి మాత్రమే మారినవారు సామాన్యముగా ఆరోగ్యవంతులు. పైగా తీవ్రమైన మలేరియానుండి వారికి కొంత రక్షణ కలదు. దంపతులిరువురును అట్టి వాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట నొకపాలు అవకాశము గలదు. మొదటి బిడ్డకు వచ్చినది గదా, ఇక రాదని తలచుట పొరపాటు.

మేనమామకును మేనకోడలికిని జన్యువులలో సగటున నాలుగవ వంతు, మేనబావ మరదండ్రకు ఎనిమిదవ వంతు ఉమ్మడివై యుండును. అందుచే మేనరికమున ఒకే మార్పు ఇరువైపులనుండి బిడ్డకు చేరు అవకాశము పెరుగును. సంబంధము నిశ్చయించుటకు ముందు వధూవరుల రక్తమును పరీక్షింపించుట మేలు. కొడవలికణము, తలసీమియా వాహకత్వములు రక్తపరీక్షచే తెలియును.

ఇట్టి బిడ్డ పుట్టినపుడు తల్లిని నిందించుట మన ఇండ్లలో కానవచ్చు దురాచారము. ఈ వ్యాధి కలుగుటకు తండ్రి జన్యువు, తల్లి జన్యువు సమానముగా కారణములు. దోషము ఎవరిదియు కాదు. బిడ్డకు వలసినది వేళకు వైద్యము, తలిదండ్రుల ఆదరణ.