డీకేటీ చేను, పట్టా చేను

తల్లీ, మీ డీకేటీ చేను రిజిస్ట్రేషన్ కాలేదంటే, రిజిస్ట్రారాఫీసులో మీ నాయన మీద ఎవరికో కోపం ఉండి కాదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే అక్కడ కూర్చున్నోళ్లు చేసేదేమీ ఉండదు. ‘సర్కారే పట్టా ఇచ్చి అమ్ముకోవద్దంటే అది మన భూమి ఎట్లయితాది తాతా? మనమూ కమ్యూనిస్టు దేశమేనా?’ అని రాసినావు చూడు, బాగుంది. ‘నిషేధం వల్ల పేదోళ్ల భూమి నిలిచింది’ అని దాని కిందే రాసినావే, అది మాత్రం బడిలో నేర్చుకున్న మాట. బద్వేలులో దస్తావేజులు రాసి బతికినోడి మనవరాలు రాయాల్సింది కాదు.

సర్కారు పేదోళ్లకిచ్చిన డీకేటీ భూమి అమ్మకూడదని 1977 చట్టం వచ్చినాక కొన్నోడికి హక్కు రాదు, అంతే. అమ్మకాలు ఆగలేదు. పెండ్లి ఖర్చనో, బోరు ఎండిందనో, తీసుకున్న అప్పు కింద స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసి చేను అప్పజెప్పినోళ్లు ఎంతమందో. గోపవరం పక్క, బి.కోడూరు పక్క చూడు. ఒకే గట్టుకు అటు పట్టా చేను, ఇటు డీకేటీ చేను. అదే మన్ను, అదే వాన. ధర మాత్రం ఒకటి కాదు. ఆ తేడా ఎవరికి పోయింది? ముందు ఈ ప్రశ్న అడగడం నేర్చుకో. అమ్మినోడికి రాలేదు. రిజిస్ట్రేషన్ లేదని భయపెట్టి ధర తగ్గించినోడికే పోయింది. కొన్నోడికీ నిద్ర లేదనుకో, అది వేరే సంగతి. బ్యాంకులో తాకట్టు పెట్టుకోడానికి చట్టం ఒప్పుకుంటాదని చాలామందికి తెలియనే తెలియదు. తెలిసుంటే వడ్డీ వ్యాపారి గడప తొక్కేవాళ్లా?

ఇంక కమ్యూనిస్టు దేశాల మాట. ఒకప్పుడు కమ్యూనిస్టు పాలనలో ఉన్న ఉక్రెయిన్ సంగతి చదువు. సమష్టి క్షేత్రాలు రద్దయినాక దాదాపు 70 లక్షల మంది పల్లెజనానికి వాటాలు పంచినారు. మనిషికి సగటున నాలుగు హెక్టార్లు, అంటే పదెకరాలు. 2001లో అమ్మకం నిషేధించినారు. చేసేది లేక పెద్ద కంపెనీలకు గుత్తకు ఇచ్చుకున్నారు. అమ్ముకునే దారి లేదని తెలిసినోడు గుత్త పెంచుతాడా? కొన్ని గుత్తలైతే ఎంత దీర్ఘకాలానికి రాసినారంటే, అవి పేరు మార్చిన అమ్మకాలే. ఆ నిషేధం ఆస్తి హక్కుకు విరుద్ధమని 2018లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు చెప్పింది. 2021 జూలైలో మార్కెట్ తెరిచినారు, అదీ మొదట మనిషికి వంద హెక్టార్ల పరిమితితో.

తేడా ఎక్కడుందో కనిపెట్టినావా? అక్కడ సాగుభూమి వాటా ఉన్న ప్రతోడికీ సంకెల పడింది. ఇక్కడ 1973 సీలింగు చట్టం 54 ఎకరాల మెట్ట దాకా వదిలేసిన ఆసామి తన పట్టా చేను ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. సంకెల పేదోడి ఐదెకరాలకే.

మన 1977 చట్టానికి 2023లో తెచ్చిన సవరణలో, పట్టా ఇచ్చి ఇరవై ఏండ్లు దాటితే అసలు లబ్ధిదారుకో వారసులకో పూర్తి హక్కు అన్నారు. దాంతో ఎప్పుడో కాగితం మీద కొన్నోళ్లు వారసుల సంతకాల కోసం ఇండ్ల చుట్టూ తిరిగినారు. 2024లో ప్రభుత్వం మారినాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన పెట్టినారు. అందుకే మీ నాయనకు తొందర వద్దను. ఎవడో బయానా పట్టుకొని వచ్చినాడని ఖాళీ స్టాంపు కాగితం మీద వేలిముద్రో సంతకమో పెట్టినాడంటే నేనూరుకోను.

మీ జేజి పెట్టెలో డీ-ఫారం పట్టా ఉంటాది, వెతుకు. తేదీ, వెనక షరతులూ కనపడేటట్టు ఫోటో తీసి పంపు. అది 1954 జూన్ 18కి ముందుదైతే అమ్మకూడదన్న షరతు ఉండకపోవచ్చు, అప్పుడు లెక్క వేరే. అడంగల్‌లో ఇప్పుడు ఎవరి పేరుందో కూడా చూడు. మీ చిన్నాయన పేరూ ఉంటే ఆయన్ను అడగకుండా ఒక్క మాటా బయట అనొద్దు.