ఫైబ్రోస్కాన్ చేయించుకోవడం ఎలా?

అమలాపురంలో కడుపునొప్పికని స్కానింగ్ తీయించుకున్నా, రిపోర్టు ఆఖర్న ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్న ముక్క కనబడటం ఇప్పుడు మామూలైపోయింది. అది చూసి కొందరు ఆ రాత్రి నిద్రపోరు. కొందరు రిపోర్టు బీరువాలో పడేసి మర్చిపోతారు. మామూలు స్కానింగ్ కాలేయానికి కొవ్వు పట్టిందని చెబుతుంది గానీ, కాలేయం గట్టిపడుతోందా లేదా అన్నది తేల్చలేదు. అది కొలవడానికే ఫైబ్రోస్కాన్.

అయితే ముందు కాగితం, పెన్ను తీసుకోండి. మిషను దాకా వెళ్లాలా వద్దా అన్నది చాలామందికి రక్తపరీక్షే చెప్పేస్తుంది. కావలసినవి నాలుగు: వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ఎస్‌జీపీటీకి వర్గమూలం కట్టి, దాన్ని ప్లేట్‌లెట్లతో గుణించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. మన ల్యాబులు ప్లేట్‌లెట్లను లక్షల్లో ఇస్తాయి కాబట్టి 2.1 లక్షలు అని ఉంటే 210 అని వేసుకోవాలి. ఉదాహరణకి వయసు 52, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64 అనుకుందాం. పైన 2,496, కింద 210 ఇంటూ 8, అంటే 1,680. జవాబు సుమారు 1.49. దీన్నే ఫిబ్-4 అంటారు. 1.3 లోపు వస్తే ప్రస్తుతానికి తొందర లేదు. 65 దాటినవారికి ఆ హద్దు 2. దాటితే ఫైబ్రోస్కాన్ దండగ కాదు. 2.67 కూడా దాటితే నేరుగా గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికే. షుగరు ఉన్నవాళ్లు, మందు అలవాటున్నవాళ్లు లెక్క తక్కువొచ్చినా డాక్టరుకి ఓసారి చూపించుకోవడమే మంచిది.

మిషను అన్నిచోట్లా ఉండదు, ఫోన్ చేసి బయల్దేరండి. అమలాపురం చుట్టుపక్కలవాళ్లు ముందు కిమ్స్ మెడికల్ కాలేజీలో వాకబు చేసి, లేదంటే యానాం వంతెన దాటి కాకినాడ వెళ్లొచ్చు. కొత్తపేట వాళ్లకి రావులపాలెం మీదుగా రాజమండ్రి, రాజోలు వాళ్లకి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, భీమవరం దారి. ఒళ్లు బాగా ఉన్నవాళ్లయితే ‘ఎక్స్‌ఎల్ ప్రోబ్ ఉందా?’ అని కూడా అడగాలి. మామూలు ప్రోబ్‌తో వాళ్లకి కొలత సరిగా దొరకదు. కడుపులో నీరు చేరినవాళ్లకి ఈ పరీక్ష పనికిరాదు. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

పరీక్షకు కనీసం మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. ఇడ్లీ, పొట్టిక్క సంగతి సరే, దారిలో బొండం కూడా వద్దు. గుక్కెడు మంచినీళ్లకి ఫర్వాలేదు. తిన్నాక కాలేయానికి రక్తం ఎక్కువ పారి అంకె పెరుగుతుంది. ఉచిత క్యాంపుల్లో టిఫిను చేసొచ్చి వరసలో నిలబడ్డవాళ్ల చీటీలను నేను అందుకే అంతగా నమ్మను.

బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి తలకిందకి పెట్టమంటారు. కుడి పక్కటెముకల సందులో జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. చిన్నగా తట్టినట్టుంటుంది, నొప్పి ఉండదు. ఆ తట్టు 50 హెర్ట్జ్ కంపనం. దాంతో కాలేయంలో పుట్టే అల ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్ వెంటాడి కొలుస్తుంది. లేతకొబ్బరిలో నెమ్మదిగా, కురిడీలో జోరుగా పోయినట్టు, గట్టిపడ్డ కాలేయంలో వేగం పెరుగుతుంది. వేగాన్ని దానితోనే గుణించి, మూడింతలు చేస్తే గట్టిదనం కిలోపాస్కల్స్‌లో వస్తుంది: సెకనుకు 1.3 మీటర్లయితే సుమారు 5, 2 మీటర్లయితే 12. పారిస్‌లోని ఎకోసెన్స్ కంపెనీ 2003లో ఈ మిషను తెచ్చింది. అంతకుముందు సూది గుచ్చి ముక్క తీయడమే ప్రధాన మార్గం.

‘అల్ట్రాసోనిక్‌తో కోస్తారట కదా’ అని భయపడేవాళ్లూ ఉన్నారు. అది వేరే పరికరం. పిత్తాశయంలో రాళ్లకి, థైరాయిడ్‌కి చేసే ఆపరేషన్లలో వాడే హార్మోనిక్ స్కాల్‌పెల్ మొన సెకనుకు 55,500 సార్లు కంపించి, కోస్తూనే 5 మిల్లీమీటర్ల దాకా రక్తనాళాలను మూసేస్తుంది.

పది కొలతలు పూర్తయ్యాక చీటీ ఇస్తారు. అందులో గట్టిదనం 6.2, ఐక్యూఆర్ 14 శాతం, క్యాప్ 285 అని ఉందనుకోండి. మొదట ఐక్యూఆర్ చూడాలి. పది కొలతలూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో అది చెబుతుంది. గట్టిదనం 7 దాటిన చీటీలో అది 30 శాతం మించితే మళ్లీ చేయమనండి. గట్టిదనం 8 లోపుంటే, కాలేయాన్ని గట్టిపరిచే మచ్చలు ముదిరాయన్న భయం దాదాపు లేనట్టే. 8 నుంచి 12 మధ్య డాక్టరు మరికొన్ని పరీక్షలు రాస్తారు, 12 దాటితే ఆలస్యం చేయొద్దు. క్యాప్ అనేది కొవ్వు లెక్క. 285 అంటే కొవ్వు బాగానే పట్టిందని. దాన్ని చూసి బెంబేలెత్తి, 6.2 చూసి ఊరట పడనివాళ్లే ఎక్కువ.

కామెర్లున్నప్పుడు, ఎస్‌జీపీటీ వందల్లో ఉన్నప్పుడు అంకె ఉత్తినే పెరుగుతుంది, అవి తగ్గాకే చేయించుకోండి. మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టరునే అడిగి, ఈసారి కూడా అదే రకం మిషను మీద, అలాగే ఖాళీ కడుపుతో చేయించుకుని పాత చీటీ పక్కన పెట్టి చూపించండి.