ట్రైనర్‌ను పెట్టుకునే ముందు ఏం అడగాలి?



తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "నాన్నా, నేను జిమ్‌లో చేరతాను." మరికొన్ని ఇళ్లలో డాక్టర్‌గారు షుగర్ ఉందని చెప్పగానే పెద్దవాళ్లే ట్రైనర్‌ను ఇంటికి పిలిపించుకుంటున్నారు. రెండూ మంచి ఆలోచనలే. అయితే ట్యూషన్ మాస్టారు ఏం చదివారో, ఇంతకుముందు ఎక్కడ చెప్పారో నలుగురిని వాకబు చేసే మనం, పిల్లల చేత బరువులు ఎత్తించే వ్యక్తిని మాత్రం కండలు చూసి నమ్మేస్తాం. ఈ నెల ఆరోగ్య పాఠం దీని గురించే.

వ్యాయామం ఒంట్లో ఏం చేస్తుంది?

1953లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్, ఆయన బృందం లండన్ బస్సు సిబ్బందిపై చేసిన పరిశోధన 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చింది. రెండంతస్తుల బస్సులో డ్రైవర్ డ్యూటీ అంతా కూర్చునే ఉంటాడు. కండక్టర్ టికెట్లు ఇస్తూ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు. కానీ గుండె జబ్బులు డ్రైవర్ల కంటే కండక్టర్లలో తక్కువగా కనిపించాయి. ఆ కండక్టర్లు ఆ మేలు పొందింది జిమ్‌లో కాదు, రోజూ ఒంటిని కదిలించే పనిలో. తర్వాత జరిగిన ఎన్నో పరిశోధనలు కూడా కదలిక గుండెకు మేలని చెప్పాయి.

షుగర్ విషయం చూద్దాం. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను తీసుకుని వాడుకుంటాయి. ఆ సమయంలో ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే అవి ఈ పని చేయగలవు. అందుకే భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడవమంటారు.

పిల్లలకు అంతకన్నా ముఖ్యమైన లాభం ఎముకలది. జీవితాంతం మోయాల్సిన ఎముక బలంలో ఎక్కువ భాగం కౌమార దశ ముగిసేలోపే సమకూరుతుంది. పరుగు, గెంతడం, తాడాట, కబడ్డీ లాంటివి ఎముకలను గట్టిపరుస్తాయి. నిద్ర బాగా పడుతుంది, దిగులు తగ్గుతుంది, చదువు మీద ధ్యాస నిలుస్తుంది. కాబట్టి పదో తరగతి రాగానే ఆటల పీరియడ్ తీసేసి ఇంకో స్టడీ అవర్ పెట్టమని అడిగే ముందు ఒక్కసారి ఆలోచించండి.

ఎంత సేపు చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు ఇవి:

• 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు. వారంలో కనీసం 3 రోజులు పరుగు లాంటి గట్టి శ్రమ, కండరాలను, ఎముకలను బలపరిచే వ్యాయామం ఉండాలి.
• పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. చురుకైన నడక చాలు. దాంతోపాటు 2 రోజులైనా కండరాలకు పని చెప్పాలి.

ట్రైనర్‌ను అడగాల్సిన అయిదు ప్రశ్నలు

1. మీరు ఏం చదివారు? బీపీఈడీ, ఎంపీఈడీ వ్యాయామ విద్యలో డిగ్రీలు. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమా ఇస్తుంది. ఫిట్‌నెస్ ట్రైనర్లకు విడిగా సర్టిఫికెట్ కోర్సులున్నాయి. కాగితం చూపించమనడంలో మొహమాటం వద్దు. పోటీల్లో గెలిచిన మెడల్ ఆయన కష్టానికి గుర్తు. నేర్పడం వేరే విద్య.

2. ఈ వయసు వాళ్లకు ఇంతకుముందు నేర్పారా? పాతికేళ్ల యువకుడి పద్ధతి పద్నాలుగేళ్ల అమ్మాయికి గానీ, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకు గానీ పనికిరాదు.

3. మొదటి రోజు ఏం చేయిస్తారు? మంచి ట్రైనర్ ముందు అడుగుతాడు: ఆస్తమా ఉందా, ఛాతీ నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, మందులు వాడుతున్నారా అని. అవసరమైతే డాక్టర్‌ను కలిసి రమ్మంటాడు. ఏమీ అడగకుండా బరువులు చేతికిచ్చేవారితో జాగ్రత్త.

4. ఎవరైనా పడిపోతే ఏం చేస్తారు? 108కి ఫోన్ చేయడం, అంబులెన్స్ వచ్చేలోగా సీపీఆర్ చేయడం వచ్చి ఉండాలి.

5. మేము వచ్చి చూడవచ్చా? పిల్లల క్లాసు తలుపులు తల్లిదండ్రులకు ఎప్పుడూ తెరిచే ఉండాలి. భంగిమ సరిచేయడానికి తాకాల్సి వస్తే ముందు చెప్పి, పిల్లలు సరేనంటేనే తాకాలి. కాదంటే అక్కడితో ఆపాలి.

బరువులెత్తితే ఎదుగుదల ఆగిపోతుందా?

ఇది చాలామంది అమ్మమ్మలు, తాతయ్యల భయం. తెలిసినవారి పర్యవేక్షణలో, తక్కువ బరువుతో, సరైన పద్ధతిలో చేస్తే ఎత్తు ఆగిపోదు. ప్రమాదమంతా స్నేహితులతో పోటీపడి, చూసేవారు లేకుండా మోయలేని బరువు ఎత్తడంలో ఉంది. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు బస్కీలు, దండాలు లాంటి సొంత శరీర బరువుతో చేసే వ్యాయామాలు చాలు.

ఇంకొక్క మాట. "నెలలో పది కిలోలు తగ్గిస్తాను" అనేవారిని, తానే పొడి డబ్బాలు అమ్మేవారిని, ఇంజెక్షన్ల మాట ఎత్తేవారిని వెంటనే మాన్పించండి. కండల కోసం వాడే స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఎదిగే పిల్లల్లో ఎముకల ఎదుగుదలను ముందే ఆపేయగలవు. మందు చెప్పాల్సింది డాక్టర్, ట్రైనర్ కాదు.

ఈ నెల ఇంట్లో చేయండి

• వారంలో మూడు సాయంత్రాలు ఫోన్లు పక్కన పెట్టి ఇంటిల్లిపాదీ అరగంట నడవండి.
• మీ పిల్లలు నిన్న ఎన్ని నిమిషాలు ఆడారో వారినే డైరీలో రాయమనండి. వారం చివర మీరూ చూడండి.
• ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడాక పీఈటీ మాస్టారిని కూడా కలవండి. మీ అబ్బాయి పరుగులో త్వరగా అలసిపోతున్నాడా, మీ అమ్మాయి ఆటల పీరియడ్‌లో ఓ పక్కన కూర్చుంటోందా అన్నది ముందుగా కనిపించేది ఆయనకే.