స్టీరింగ్ మీద పచ్చ బటన్

కాకినాడ

చి. సౌజన్యకు,

మీ పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించింది. నీకిష్టమని మాగాయ పట్టింది, ఈసారి మీ నాన్న వచ్చినప్పుడు పంపిస్తుంది.

మొన్న నీ కారులో పాలకొల్లు వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఒక సంగతి చెప్పాలనుకుంటున్నాను. ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ నేను చేసే వేళకు నువ్వు బండి నడుపుతూ ఉంటే, ఏ పని వద్దనాలనుకుంటున్నానో ఆ పనే నీ చేత చేయించినట్టవుతుంది. అందుకే ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువుకో.

కంపెనీ వాళ్లు నీకిచ్చిన బండి మంచిది. అద్దం పైన మైకు, తలుపుల్లో స్పీకర్లు, స్టీరింగ్ మీద పచ్చ బటనూ ఎర్ర బటనూ. బండెక్కగానే నీ ఫోన్ దానంతటదే కలుస్తుంది, ఎవరు చేస్తున్నారో తెర మీద పేరు పడుతుంది. "చేత్తో పట్టుకుంటే కదా పెదనాన్నా తప్పు, నాది బండిలోనే ఉందిగా" అన్నావు. ఆ మాట నన్ను వదలడం లేదు.

ఇన్నేళ్లు ఆర్టీసీలో డ్రైవర్లకు శిక్షణ ఇచ్చినవాణ్ని కదా, పక్క సీట్లో కూర్చుంటే రోడ్డు కంటే ముందు నడిపేవాళ్ల కళ్లను చూస్తాను. రావులపాలెం దాటేదాకా నీకు వంక పెట్టడానికి లేదు. నడి అద్దం, కుడి అద్దం, ముందు బండి, స్పీడు ముల్లు, మళ్లీ నడి అద్దం. ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు. ఈతకోట టోల్‌గేటు దాటామో లేదో మీ మేనేజర్ ఫోన్. నువ్వు పచ్చ బటన్ నొక్కావు. చేతులు రెండూ స్టీరింగ్ మీదే, చూపు రోడ్డు మీదే. కానీ ఆ క్షణం నుంచి అద్దాల్లోకి చూడటం మానేశావమ్మా. ఒక్కసారి కూడా చూడలేదు. తొంభైలో పోతున్న బండి నీకు తెలియకుండానే అరవైకి పడింది, మళ్లీ తొంభైకెక్కింది. వెనకొస్తున్న లారీ రెండుసార్లు హారన్ కొడితే అది కూడా నీ చెవిన పడలేదు. సిద్ధాంతం దగ్గర వంతెన దిగి పెనుగొండ వైపు తిరగాల్సిన బండి తిన్నగా పోయింది. నేను చెయ్యెత్తి ఎడమవైపు చూపించాను, అదీ నీ కంట పడలేదు. పెరవలి దాకా వెళ్లి వెనక్కి తిరిగాం. దారి తప్పినందుకు నువ్వు నవ్వావు. పోయింది దారే కాబట్టి నేనూ ఊరుకున్నాను.

ఇది నీ ఒక్కదాని లోపం కాదు, మనిషి బుర్రే అంత. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే ఆచార్యుడు ఏళ్ల తరబడి దీని మీదే పని చేశాడు. 2008లో ఆయన బృందం అచ్చం మన సిద్ధాంతం మలుపు లాంటి పరీక్షే పెట్టింది. డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ఫలానా చోట హైవే దిగి ఆపమని చెప్పారు. పక్కన స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని మాట్లాడుతూ నడిపిన వాళ్లలో ఎక్కువమంది సరిగ్గా దిగారు. చేత్తో పట్టుకోని ఫోన్‌లో మాట్లాడుతూ నడిపిన వాళ్లలో సగం మంది ఆ మలుపు దాటి పోయారు. పక్కనున్నవాడికి కూడా రోడ్డు కనిపిస్తుంది. గేదె అడ్డొస్తే మాట ఆపుతాడు, మలుపొస్తే చెబుతాడు. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చున్న మీ మేనేజర్‌కి వెనక లైట్లు లేకుండా నీ ముందు పోతున్న వరి ట్రాక్టర్ ఎలా కనిపిస్తుంది? జవాబు ఆలస్యమైతే లైను కట్టయిందేమో అనుకుని ఇంకోసారి గట్టిగా అడుగుతాడు.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. 1997లోనే కెనడాలోని టొరంటోలో ఇద్దరు పరిశోధకులు, ప్రమాదం చేసినవాళ్ల ఫోన్ బిల్లులూ ప్రమాదం జరిగిన వేళా పక్కపక్కన పెట్టి చూశారు. ఫోన్ వాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగింతలని తేలింది. చెయ్యి ఖాళీగా ఉంచే ఫోన్లు వాడినవాళ్లకు అదనపు రక్షణ ఏమీ కనబడలేదు. మన చట్టం మాత్రం చేతి దగ్గరే ఆగింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, చేత్తో పట్టుకునే ఫోన్ వాడుతూ నడపడాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చారు. మొదటిసారికి వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదంటే రెండూ. నీ పచ్చ బటన్‌కు ఆ సెక్షన్ అడ్డురాదు. పోలీసు ఆపడు, చలాన్ రాదు. అందుకే దాని మీద నాకు ఇంత పట్టుదల. తప్పు కాదని తెలిసినచోట మనిషి ఆదమరుస్తాడు.

అసలు వాడొద్దని చెప్పడం లేదు. నీది ఆక్వా మేతల ఉద్యోగం, ఆ ఫోన్ లేకపోతే నీకు పని జరగదని నాకు తెలుసు. తెల్లవారుజామున ఒక రైతు "మేడం, చెరువులో ఆక్సిజన్ పడిపోయింది, రొయ్యలు పైకి తేలుతున్నాయి" అని ఫోన్ చేస్తే, ఆ మనిషికి నువ్వు అప్పుడే దొరకాలి. ఎకరాల కొద్దీ చెరువు అరగంటలో పోతుంది. అలాంటి ఫోన్ ఎత్తు. ఎత్తి, నడుపుతూ సలహా మాత్రం చెప్పకు. "రెండు నిమిషాల్లో బండి ఆపి చేస్తాను, ఈలోగా ఏరేటర్లన్నీ వేసెయ్యండి, మేత ఆపండి" అని పెట్టెయ్యి. తరువాత ఆగి, ఏ చెరువు, ఎన్ని రోజుల పిల్ల, కరెంటు ఉందా, జనరేటర్ ఉందా అని నింపాదిగా అడుగు. ఒక రొయ్యల రైతు జీవితం నీ మాట మీద ఆధారపడినప్పుడు ఆ మాట సగం ధ్యాసతో రాకూడదు. నీకూ మంచిది కాదు, ఆయనకూ మంచిది కాదు.

బండి నడుస్తున్నప్పుడు నీ నోటి నుంచి రావాల్సిన వాక్యం ఒకటే. "బండి మీద ఉన్నాను సార్, ఇరవై నిమిషాల్లో ఆపి చేస్తాను." దాన్ని అలవాటు చేసుకో. ఎక్కడున్నావు, ఎంతలో వస్తావు, వాన పడుతోందా, ఇలాంటి ఒక్క ముక్క జవాబులు ఖాళీ రోడ్డు మీద ఫర్వాలేదు. టార్గెట్లు, లెక్కలు, బాకీలు, గొడవలు, ఎవరైనా కోపంగానో ఏడుస్తూనో చేసిన ఫోన్లు, వీటిలో ఏదీ బండి నడుస్తుండగా వద్దు. మనసు కలత పడ్డప్పుడు కళ్లు తెరిచున్నా రోడ్డు కనిపించదు. నేను శిక్షణ ఇచ్చినవాళ్లలో ఎంత మంచి డ్రైవరైనా ఇంట్లో గొడవ పడి వచ్చిన రోజు బ్రేకు ఒక క్షణం ఆలస్యంగా వేసేవాడు.

గోదావరి వంతెనల మీద, టోల్‌గేట్ల దగ్గర, ఊళ్ల మధ్యలో, వానలో, చీకటి పడ్డాక అసలు ఎత్తకు. ముఖ్యంగా చెరువుల దారుల్లో. ఉండి, ఆకివీడు వైపు కాలువ గట్ల రోడ్లు నీకు నాకంటే బాగా తెలుసు. ఒకపక్క కాలువ, ఒకపక్క చెరువు, ఎదురుగా రొయ్యల లారీ వస్తే ఒక చక్రం మట్టిలోకి దించాలి. అక్కడ ఫోన్ మోగితే మోగనీ.

ఆపడమంటే ఎక్కడపడితే అక్కడ కాదు. హైవే అంచున పార్కింగ్ లైట్లు వేసుకుని నిలబడటం నడుపుతూ మాట్లాడటం కంటే గొప్పదేం కాదు. వెనకొచ్చే లారీ డ్రైవర్ నిద్రమత్తులో ఉంటే నీ లైట్లు అతణ్ని లేపవు. పెట్రోలు బంకు లోపలికి వెళ్లు, హోటల్ ముందు ఖాళీలోకి వెళ్లు, సర్వీసు రోడ్డు దిగు. నువ్వు రోజూ తిరిగే దారిలో ఇలాంటి చోట్లు నాలుగైదు మనసులో గుర్తు పెట్టుకుంటే, "ఇరవై నిమిషాల్లో" అన్న మాట ఉత్తుత్తి మాట కాకుండా ఉంటుంది.

ఇక బండిలోని ఆ ఫోన్ యంత్రం సంగతి. కదిలేటప్పుడు తెర ముట్టుకోవద్దు. తొంభైలో పోయే బండి సెకనుకు 25 మీటర్లు పోతుంది. తెర మీద పేరు వెతకడానికి నాలుగు సెకన్లు పడితే వంద మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. నోటితో చెబితే అది చేస్తుంది కదా అంటావు. చేస్తుంది, మన పేర్లతో మాత్రం తికమక పడుతుంది. "సుబ్రహ్మణ్యం గారు" అని నువ్వంటే నీ ఫోన్‌లో ఉన్న ఆరుగురు సుబ్రహ్మణ్యాల్లో ఎవరో అడుగుతుంది. నువ్వు విసుక్కుంటూ మళ్లీ చెబుతావు. ఆ విసుగే ప్రమాదం. అమెరికాలో ఏఏఏ ఫౌండేషన్ అనే రోడ్డు భద్రత సంస్థ 2015లో చేయించిన పరిశీలనలో, ఇలా నోటితో ఆజ్ఞలిచ్చాక ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి కొన్ని బండ్లలో 27 సెకన్ల దాకా పట్టవచ్చని తేలింది. ఎనభైలో పోతుంటే అది ఆరువందల మీటర్లు. అందుకని ఒక పూట ఇంట్లో కూర్చుని పేర్లు మార్చుకో. ఊరి పేరు ముందు పెట్టి "ఉండి సుబ్బు", "పాలకొల్లు డీలర్" అని పొట్టిగా, ఒకదానికొకటి పోలిక లేకుండా. రోజూ చేసే నలుగురిని మొదటి వరసలో పెట్టుకో. దారి మ్యాపు బండి కదలకముందే పెట్టు. వచ్చిన మెసేజీలు చదివి వినిపించేది ఆపెయ్యి. ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ ఉంటుంది, దాంతో "బండి నడుపుతున్నాను, ఆగాక చేస్తాను" అని తెలుగులోనే జవాబు వెళ్లేలా పెట్టు. రైతులకు ఇంగ్లీషులో వెళితే కంపెనీ మెసేజ్ అనుకుని మళ్లీ చేస్తారు.

మాట సరిగ్గా వినపడటం లేదని అవతలివాళ్లు అంటే చాలామంది మైకు వైపు వంగి అరుస్తారు. అద్దం పైనున్న మైకు మీదికి ఏసీ గాలి పోతోందేమో ముందు చూడు, ఫ్యాను తగ్గించు, కిటికీ మూసెయ్యి. వాళ్ల గొంతు వాళ్లకే తిరిగి వినిపిస్తోందంటే నీ స్పీకర్ శబ్దం ఎక్కువైనట్టు, తగ్గిస్తే సరిపోతుంది. సీటుకు ఆనుకుని కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడితే చాలు. అలా కూడా వినపడకపోతే అది ఆగి మాట్లాడాల్సిన మాటే.

ఇంకోటి, ఇది ప్రాణానికి కాదు గానీ పరువుకు సంబంధించినది. ఆ స్పీకర్‌లో వచ్చే మాట బండిలో ఉన్నవాళ్లందరికీ వినిపిస్తుంది. మొన్న వెనక సీట్లో ఇద్దరు రైతులున్నారు. మీ మేనేజర్ "ఆ యండగండి ఆయన బాకీ ఎంత, కట్టకపోతే సప్లై ఆపెయ్యండి" అన్నాడు. వెనక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేపు తమ బాకీ కూడా ఇలాగే ఎవరి ముందో చదువుతారని వాళ్లకు అనిపించదా? పల్లెల్లో అప్పు మాట నలుగురిలో పడితే మనిషి తలెత్తుకోలేడు. ఎత్తగానే "సార్, బండిలో రైతులున్నారు" అనెయ్యి. మీ మేనేజర్ కూడా మెచ్చుకుంటాడు. ఈ బండి కంపెనీకి తిరిగిచ్చే రోజున దాంట్లోంచి నీ ఫోన్ పేరూ, అది దింపుకున్న నెంబర్లూ చెరిపెయ్యడం మరిచిపోకు. లేకపోతే తరువాత ఎక్కేవాడి చేతిలో నీ రైతులందరి పేర్లూ ఉంటాయి.

పైన కప్పుకు ఎస్ఓఎస్ బటన్ ఒకటుంది, చూశావా? కొన్ని బండ్లలో దానికి సొంత సిమ్ ఉంటుంది, కొన్నింటిలో నీ ఫోన్ ద్వారానే కాల్ పోతుంది. నీ దాంట్లో ఏదో మాన్యువల్‌లో చూసి తెలుసుకో. రెండోదైతే ఫోన్ ఛార్జింగ్ అయిపోయిన రోజు ఆ బటన్ పనికిరాదు. 112, 108, హైవే వాళ్ల 1033, ఈ మూడూ నోటికి వచ్చి ఉండాలి. ఏదైనా జరిగితే ఊరి పేరుతో పాటు పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చెప్పు, ఏ వైపు పోతున్నావో కూడా చెప్పు. అంబులెన్సు వాడికి నీ బాధంతా చెప్పేకంటే ఆ రెండు ముక్కలు ముందు చెబితే తొందరగా చేరతాడు.

బండిలో ఫోన్ పుట్టిందే పొట్టి మాటలతో. 1946లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లో మొదటిసారి కార్లకు ఫోన్ పెట్టినప్పుడు ఆ సామాను ముప్ఫై ఆరు కిలోలు ఉండేదట. ఊరు మొత్తం మీద ఒకేసారి మాట్లాడగలిగింది ముగ్గురే. ఎవరైనా ఎక్కువసేపు మాట్లాడితే ఇంకొకరికి లైను దొరికేది కాదు. ఇప్పుడు నీకు ఆ ఇబ్బంది లేదు, గంటసేపు మాట్లాడినా అడిగేవాళ్లుండరు. అందుకే ఆ హద్దు నువ్వే పెట్టుకోవాలి.

మీ మేనేజర్‌తో ఈ వారంలోనే మాట్లాడు. పొద్దున బండెక్కేముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు ఒకసారి నువ్వే చేస్తానని చెప్పు. మధ్యలో నువ్వు ఎత్తకపోతే నడుపుతున్నావని అర్థం చేసుకోమను. ఆయన కాదంటే నాకు చెప్పు. ఆర్టీసీలో ఇంతమంది ప్రయాణికుల ప్రాణాలు చూసుకున్నవాణ్ని, ఆయనకు నచ్చజెప్పగలను. మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పుకోవాలి. రోజూ సాయంత్రం ఆరింటికి నీకు ఫోన్ చేస్తుంది, ఆ వేళకు నువ్వెప్పుడూ రావులపాలెం వంతెన మీదే ఉంటావు.

వచ్చే ఆదివారం నేను రాజమండ్రి వస్తున్నాను. బండి ఇంటి ముందే ఉంచు, కూర్చుని పేర్లన్నీ మారుద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న