బొమ్మల గడులలో బైబిలు కథ



సండే స్కూలు బిడ్డల చేతులలో బొమ్మల కథల పుస్తకములు కనబడుచున్నవి. గడి గడికి ఒక బొమ్మ, మనుష్యుల నోటియొద్ద బుడగవంటి గీతలో వారి మాటలు. వీటినే కామిక్సు అందురు. బైబిలు కథను ఈ రీతిగా మార్చుట తగునా అని సంఘపెద్దలు కొందరు మమ్మును అడిగిరి. తగునని మా అభిప్రాయము. అయితే అట్లు మార్చునప్పుడు కథకేమి జరుగునో బోధించువారు ఎరిగియుండవలెను.

ఈ పని క్రొత్తది కాదు. అమెరికాలో ఎం. సి. గెయిన్సు అను ప్రచురణకర్త 1942లో బైబిలు కథలను కామిక్సుగా వెలువరించెను. మన దేశమున 1967లో అనంత్ పాయ్ ప్రారంభించిన అమర చిత్ర కథ వరుసలో యేసు క్రీస్తు కథయు వచ్చెను.

కథను గడులలోనికి దించువాడు మొదట కొంత కోసివేయును. వంశావళులు పోవును, ధర్మశాస్త్ర విధులు పోవును. దీనికి మేము అంతగా భయపడము. విడిచినది గ్రంథము తెరచినచో దొరుకును. చేర్చినదానిని కనిపెట్టుటయే కష్టము.

ఆర్. క్రంబు అను అమెరికా చిత్రకారుడు 2009లో ఆదికాండము 50 అధ్యాయములను బొమ్మలలో ప్రచురించెను. బైబిలు దేవుని వాక్యమని తాను నమ్మనని పీఠికలో చెప్పుకొన్నవాడే. అయినను వంశావళులను సైతము విడువక, ఆ పేర్లు గలవారికి ముఖములు గీసెను. (అది పెద్దల పుస్తకము. పిన్నలు పెద్దల కనుసన్నలలో చూడవలెనని అట్టమీదనే అచ్చువేసిరి గనుక బడిలో పంచవద్దు.) ఇంత జాగ్రత్తపడినవాడు కూడ దేవునికి పొడవైన తెల్లని గడ్డము గీసెను. ఆదికాండములో ఆ గడ్డమెక్కడ? మాటకు ముఖము అక్కరలేదు, బొమ్మకు అక్కర.

ఆదికాండము 22వ అధ్యాయము చూడుడి. ఇస్సాకు వయస్సు అక్కడ చెప్పబడలేదు. కట్టెలు మోయగలవాడు, గొఱ్ఱెపిల్ల ఏదని అడుగగలవాడు అని మాత్రమే తెలియును. మూడవ దినమున ఆ స్థలము దూరమునుండి కనబడెను. అంతవరకు నడచిన దారిలో తండ్రి హృదయమెట్లుండెనో ఒక్క మాటయు లేదు. చిత్రకారుడు అబ్రాహాము కన్నీరు కార్చినట్లు గీసినయెడల అది ఒక వ్యాఖ్యానము, నిబ్బరముగా నడచినట్లు గీసిన అదియు వ్యాఖ్యానమే. గడికి గడికి నడుమ తెల్లని సందు ఉండును గదా, చదువువాడు దానిని తన మనస్సుతో పూరించుకొనును. ఆ ప్రయాణమంతటిని ఆ సందులోనే విడిచిపెట్టిన చిత్రకారుడు గ్రంథమునకు మిక్కిలి దగ్గరగా ఉన్నాడని మేము తలంచుచున్నాము.

చేర్చినది తరువాత ఏమగునో ఒక లోక కథనుబట్టి చెప్పుదుము. సూపర్‌మాన్ అను మహాబలుని కథ 1938లో కామిక్సుగా మొదలై, 1940లో రేడియో నాటకమయ్యెను. అతని బలమును హరించు క్రిప్టొనైటు అను రాయి అచ్చయిన బొమ్మలలో అప్పటికి లేదు. రేడియోవారు దానిని 1943లో కథలోనికి తెచ్చిరి. 1949లో అది కామిక్సులోనికి వచ్చెను. ఇప్పుడు ఆ రాయి లేకుండ ఆ కథను తలంచువారు అరుదు. కల్పిత కథకు ఇది లాభమే. కథ గలవారు తమ కథకు ఏమైనను చేర్చుకొనవచ్చును.

మన గ్రంథమునకు అట్లు చేర్చువారు లేరు. అయినను జనుల తలంపులో అదే జరుగుచున్నది. ఏదెనులో పండు అని మాత్రమే యుండగా బిడ్డలు ఆపిల్ అందురు. మత్తయి సువార్త 2వ అధ్యాయములో జ్ఞానులు ఎందరో లేదు, కానుకలే మూడు. ఒంటెలు లేవు. వారు శిశువును చూచినది ఇంటిలో, పశువుల కొట్టములో కాదు. బిడ్డ పుస్తకము చూచి రాత్రివేళ అవ్వకు కథ చెప్పును, అవ్వ దానిని గృహకూటములో చెప్పును. ఇట్లు బొమ్మ మరల నోటికథయై మూడు ఒంటెలతో గుడికి వచ్చును. చదువు వచ్చినవాడు అధ్యాయము తీసి సరిచూచుకొనును. అక్షరము రాని ఆ అవ్వ దేనితో సరిచూచుకొనును? ఆమెకు చదివి వినిపించువారు లేనియెడల బొమ్మయే ఆమె బైబిలు.

కావున బోధకులారా, బొమ్మల పుస్తకమును మూయించి మొదట అధ్యాయమును నెమ్మదిగా రెండుసార్లు బిగ్గరగా చదువుడి. పలకలమీద బిడ్డలనే గీయనియ్యుడి. పిమ్మట పుస్తకము తెరచి, గ్రంథములో లేనివి ఏవో వారినే వెదకమనుడి. బిడ్డలకు ఇది దాగుడుమూతల ఆటవలె ఉండును, పెద్దలకంటె చురుకుగా పట్టుకొందురు. మా బడిలో ఒక చిన్నది జ్ఞానులను ఏడుగురిని గీసి, అందరిని కాలినడకను పంపెను. ప్రక్కవాడు మూడే ఉండవలెనని గొడవపడగా, వచనము చూపుమని ఆమె వానికి బైబిలు అందించెను.