టెండరు లేకుండా దాటిపోయిన కాంట్రాక్టు

ప్రశ్న: మా అబ్బాయి స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉన్నాడు. రాష్ట్ర విద్యాశాఖ ఇలాంటి సేవలను బయటి సంస్థలకు ఎలా అప్పగిస్తుంది? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: టెక్సస్‌లో 25,000 డాలర్లు దాటిన పనికి ప్రభుత్వ శాఖ తన ప్రకటనను రాష్ట్ర ఆన్‌లైన్ పత్రికలో పెట్టాలి. సంస్థలు ప్రతిపాదనలు పంపుతాయి, అధికారులు మార్కులు వేస్తారు. ధర ఒక్కటే కాదు, అనుభవమూ నాణ్యతా లెక్కలోకి వస్తాయి.

అసలు కథంతా మినహాయింపుల్లోనే ఉంటుంది. 'ఈ పని ఈ సంస్థ తప్ప మరెవరూ చేయలేరు' అని రాసి, పోటీ లేకుండానే ఇచ్చేయవచ్చు. 2017లో టెక్సస్ విద్యాశాఖ సరిగ్గా ఇదే చేసింది. ప్రత్యేక విద్య పిల్లల రికార్డులను విశ్లేషించే పనిని జార్జియాకు చెందిన ఓ సంస్థకు 44 లక్షల డాలర్లకు టెండరు లేకుండా కట్టబెట్టింది. పిల్లల వివరాలు ఎవరి చేతికి వెళ్తున్నాయని తల్లిదండ్రులు నిలదీశారు. అదే ఏడాది డిసెంబరులో ఒప్పందం రద్దయింది. అప్పటికే దాదాపు సగం సొమ్ము చెల్లించేశారు! మరుసటి ఏడాది రాష్ట్ర ఆడిటరు విద్యాశాఖ తీరును తప్పుబట్టారు.

స్పీచ్ థెరపీ వంటివి మాత్రం సాధారణంగా స్కూల్ డిస్ట్రిక్టే చూసుకుంటుంది. సొంత సిబ్బంది చాలకపోతే బయటివారితో ఒప్పందం చేసుకుంటుంది. కాబట్టి ముందు అడగాల్సింది అక్కడే. ఒప్పంద ప్రతి కావాలంటే, టెక్సస్ సమాచార చట్టం కింద డిస్ట్రిక్ట్‌కు లిఖితపూర్వకంగా అర్జీ పెట్టండి.