తెర రికార్డింగులో నల్లటి చిత్రం: కారణాలు, పరిష్కారాలు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో తరతరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాలతో పాటు, సిప్‌కాట్ కర్మాగారాలలో ఉపాధి కోసం వచ్చి స్థిరపడినవారు కూడా ఉన్నారు. తమిళనాడు ప్రభుత్వం 2011లో ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించిన తరువాత అనేక సామాన్య కుటుంబాలకు కూడా ఈ సాధనం అందింది. తెలుగు పాఠాన్ని తెరపై చూపుతూ వివరించే ఉపాధ్యాయులకు, ఆన్‌లైన్ దరఖాస్తు నింపే పద్ధతిని స్వగ్రామంలోని పెద్దలకు చూపదలచిన యువకులకు తెర రికార్డింగు ఎంతో ఉపయోగకరం. అయితే గంటసేపు శ్రమించి రికార్డు చేసిన పాఠంలో మాట స్పష్టంగా వినిపిస్తూ, చిత్రం మాత్రం పూర్తిగా నల్లగా ఉండే సందర్భాలు కలవు. అటువంటప్పుడు యంత్రం చెడిపోయిందని భావించి మరమ్మతుకు డబ్బు వెచ్చించనవసరం లేదు. చాలా సందర్భాలలో కారణం అమరికలలోనే ఉంటుంది. ఆ కారణాన్ని ముందుగా గుర్తించడమే ఈ పాఠం ఉద్దేశం.

1. రెండు గ్రాఫిక్స్ భాగాలు

అనేక ల్యాప్‌టాప్‌లలో చిత్రాలను రూపొందించే భాగాలు రెండు ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే ఇమిడి తక్కువ విద్యుత్తుతో పనిచేస్తుంది; మరొకటి ఆటలు, వీడియో కూర్పు వంటి భారమైన పనులకు ఉద్దేశించిన శక్తిమంతమైన విడి భాగం. తెరను సాధారణంగా మొదటి భాగమే నడుపుతుంది. ఓబీఎస్ స్టూడియో వంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రెండవ భాగంపై నడుస్తున్నట్లయితే, మొదటిదాని వద్ద ఉన్న చిత్రం దానికి అందదు. మౌస్ బాణం మాత్రమే కనిపిస్తూ మిగిలినదంతా నల్లగా ఉండటం దీనికి ముఖ్యమైన గుర్తు.

విండోస్‌లో దీనిని సరిచేసే క్రమం ఇది: సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ అనే విభాగాలను వరుసగా తెరవాలి. జాబితాలో ఓబీఎస్‌ను చేర్చి, ఆప్షన్స్‌లో పవర్ సేవింగ్‌ను ఎంచుకుని భద్రపరచాలి. పిదప ఓబీఎస్‌ను మూసి మరల తెరవాలి. అప్పటికీ ఫలితం లేనిచో, డిస్‌ప్లే క్యాప్చర్ ప్రాపర్టీస్‌లోని క్యాప్చర్ మెథడ్‌ను విండోస్ 10 పద్ధతికి మార్చి చూడాలి. ఆటను మాత్రమే గేమ్ క్యాప్చర్‌తో రికార్డు చేసేవారికి ఇందుకు భిన్నంగా హై పెర్ఫార్మెన్స్ అనుకూలం.

2. బ్రౌజర్ కిటికీ మాత్రమే నల్లబడటం

తెర అంతా సరిగానే రికార్డయి, క్రోమ్ వంటి బ్రౌజర్ కిటికీని విడిగా రికార్డు చేసినప్పుడు మాత్రమే నల్లగా వస్తే, కారణం బ్రౌజర్ వాడే గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ కావచ్చు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లోని సిస్టమ్ విభాగంలో దానిని నిలిపివేసి, బ్రౌజర్‌ను మరల ప్రారంభించాలి.

3. అనుమతి లేకపోవడం

ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో 2019 నాటి కాటలీనా వెర్షన్ నుంచి, వినియోగదారుడు అనుమతించనిదే ఏ సాఫ్ట్‌వేర్ కూడా ఇతర కిటికీలను రికార్డు చేయజాలదు. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగంలో స్క్రీన్ రికార్డింగ్ వద్ద ఆ సాఫ్ట్‌వేర్‌ను అనుమతించాలి. లినక్స్ వాడేవారు వేలాండ్ విధానంలో ఉన్నట్లయితే, ఓబీఎస్‌లో పైప్‌వైర్ ద్వారా పనిచేసే స్క్రీన్ క్యాప్చర్‌ను ఎంచుకోవాలి. పాత ఎక్స్ విధానానికి చెందిన క్యాప్చర్ అక్కడ నల్లటి చిత్రాన్నే చూపవచ్చు.

4. ఉద్దేశపూర్వకమైన రక్షణ

చెల్లింపు సినిమా సేవలు, కొన్ని పరీక్షా సాఫ్ట్‌వేర్‌లు తమ కిటికీ రికార్డు కాకుండా ముందే ఏర్పాటు చేసుకుంటాయి. మిగిలిన తెర అంతా కనిపిస్తూ ఆ ఒక్క భాగం నల్లగా ఉంటే, అది లోపం కాదు, రక్షణ. హక్కులను అతిక్రమించే ఉద్దేశంతో ఇటువంటి రక్షణను ఛేదించడం 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేర్చిన 65ఏ సెక్షను ప్రకారం శిక్షార్హం. రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. ఈ రక్షణను తొలగిస్తామని చెప్పే అపరిచిత సాఫ్ట్‌వేర్‌లను స్థాపించరాదు. సమస్యను దూరం నుంచే సరిచేస్తామని ఫోనులో చెప్పే అపరిచితులకు ల్యాప్‌టాప్‌ను నడిపే అనుమతి ఇవ్వరాదు. దానిలో బ్యాంకు వివరాలు, ఆధార్ ప్రతులు ఉండవచ్చునని మరువరాదు.

ముందుజాగ్రత్త

పాఠం ప్రారంభించే ముందు పది సెకన్లు రికార్డు చేసి, ఆ ఫైలును తెరిచి చిత్రాన్ని, ధ్వనిని పరిశీలించాలి. ఒకేసారి ఒక అమరికను మాత్రమే మార్చి మరల పరీక్షించాలి. లేనిచో ఏ మార్పు వల్ల సమస్య తీరిందో తెలియదు. రికార్డింగ్ సమయంలో చిత్రం సరిగా కనిపించి, ఫైలు మాత్రమే నల్లగా ఉంటే, దానిని వీఎల్‌సీ వంటి మరో ప్లేయర్‌లో తెరిచి చూసిన తరువాతే తొలగించాలి.

అభ్యాసం

1. నల్లటి తెరపై మౌస్ బాణం మాత్రమే కనిపిస్తే మొదట పరిశీలించవలసిన అమరిక ఏది?
2. తెర అంతా నల్లబడటానికీ, ఒక్క కిటికీ నల్లబడటానికీ గల భేదం ఏమి సూచిస్తుంది?
3. మీ ల్యాప్‌టాప్‌లో పది సెకన్ల రికార్డింగు చేసి, ఫలితాన్ని ఇంట్లో మరొకరికి చూపి వివరించండి.